అయోడిన్ పోయింది యాసిడ్ దగ్గరే

తమ్ముడూ, సూర్యలంకలో పట్టిన సముద్రపు నీళ్లలో అయోడిన్ రెండు రూపాలు, అయోడైడ్, అయోడేట్, విడివిడిగా కొలిచి కలిపితే మొత్తం అయోడిన్ కంటే బాగా తక్కువ వస్తోందన్నావు కదా, తప్పు నీ కాలమ్‌లో (ఆ రూపాల్ని వేరుచేసే రెజిన్ గొట్టంలో) లేదు. బీచ్‌లోనే క్యాన్‌లో నైట్రిక్ యాసిడ్ పోసి గుంటూరు తెచ్చానని రాశావు చూడు, అక్కడే జరిగింది. లోహాలకైతే అది సరైన పద్ధతే. కానీ ఆమ్లంలో అయోడైడ్, అయోడేట్ ఒకదానితో ఒకటి కలిసి మామూలు అయోడిన్‌గా మారతాయి, అది ఆవిరైపోతుంది, ప్లాస్టిక్‌కీ పడుతుంది. ఆ శాంపిల్ ఇక రూపాలు తేల్చడానికి పనికిరాదు, టెన్షన్ పడకుండా మళ్లీ పట్టుకురా.

ఈసారి ఏమీ కలపకు. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, చీకట్లో ఐస్ మీద తెచ్చి, వీలైనంత త్వరగా యానయాన్ రెజిన్ (రుణావేశ అయాన్లను పట్టుకునే గుళికలు) మీద పోయాలి. అయోడైడ్ గట్టిగా అంటుకుంటుంది, అయోడేట్ క్లోరైడ్‌తో పాటు కిందికి దిగిపోతుంది. పలచని నైట్రేట్ ద్రావణంతో కడిగి, ఆ కడిగిన నీళ్లు కూడా అయోడేట్ భాగంలోనే కలుపు, చాలామంది పారబోసేది అదే. తర్వాత గాఢమైన నైట్రేట్‌తో అయోడైడ్‌ను దించు. అయోడేట్ భాగానికి ముందు దాన్ని అయోడైడ్‌గా మార్చే బైసల్ఫైట్, ఆ తర్వాతే యాసిడ్, ఈ వరుస మాత్రం మార్చకు.

ఇంకోటి, రేడియోధార్మిక రకమైన అయోడిన్-129 కూడా కొలవాలంటే, దాని అర్ధాయువు సుమారు 1.57 కోట్ల ఏళ్లు, సముద్రపు నీళ్లలో ఉండే కొద్దిపాటిని గామా కౌంటర్‌తో పట్టలేం, అణువుల్ని (పరమాణువుల్ని) నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీకే పంపాలి. ప్రతి భాగంలో జాడ పట్టడానికి వాడే రేడియోధార్మిక అయోడిన్-125 కొంచెం వేసి చూసుకుంటే ఏ మెట్టులో ఎంత పోతోందో నీకే తెలిసిపోతుంది.