ఎనిమిదో రోజు లెక్క

"ప్రైవేట్ జెట్ పైలట్లకు జీతాలు బాగానే ఉంటాయి కదా, వారికి యూనియన్ దేనికి?" అన్న ప్రశ్నకు జీతాల పట్టికతో జవాబు చెప్పవచ్చు కానీ, నాకు ముందుగా ఒక కుక్క గుర్తుకు వస్తుంది.

అమెరికాలోని ఒహాయోలో, జెట్ విమానాలను అద్దెకు నడిపే, యూనియన్ లేని ఒక చిన్న చార్టర్ సంస్థలో నేను నాలుగేళ్లు కో పైలట్‌గా పనిచేశాను. ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు అని చెప్పి చేర్చుకున్నారు. ఒక డిసెంబరులో నా ఏడో రోజున కొలరాడో కొండల్లోని ఆస్పెన్‌కు వెళ్తుండగా, కొండలపైన కుదుపులకు ప్రయాణికుల కుక్క తెల్లటి తివాచీ మీద వాంతి చేసుకుంది. చిన్న జెట్లలో ఎయిర్ హోస్టెస్ ఉండరు కనుక, వాళ్లు దిగిపోయాక భుజాల మీద మూడు పట్టీలున్న చొక్కాతోనే మోకాళ్ల మీద కూర్చుని, సోడా నీళ్లు పోసి, పేపర్ టవళ్లతో అద్ది అద్ది ఆ మరకను నేనే తీశాను. మావాడు కోటీశ్వరుల విమానం నడుపుతున్నాడని గుంటూరులో పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా చెప్పుకునే మా బాబాయి ఆ దృశ్యాన్ని చూసి ఉంటే బాగుండేది.

సముద్రమట్టానికి సుమారు 7,800 అడుగుల ఎత్తున, కొండల నడుమ ఒకే ఒక్క రన్‌వేతో ఉండే ఆ విమానాశ్రయంలో సాయంత్రానికి మంచు పట్టుకుంది, మా తిరుగు ప్రయాణం రద్దయింది. మర్నాడు మా అమ్మాయి పుట్టినరోజు. ఆఫీసు నుంచి ఫోన్ చేసినవారు, రేపు అక్కడి నుంచే ఇంకొక ట్రిప్ ఉంది, కాస్త సర్దుకోండి అన్నారు. అదే హోటల్లో, అదే మంచుకు చిక్కుకున్న నా పాత సహాధ్యాయి ఒకడు తాపీగా భోజనం చేస్తున్నాడు. వాడి సంస్థలో యూనియన్ కుదిర్చిన ఒప్పందం ఉంది. అందులో ఎనిమిదో రోజుకు విడిగా డబ్బు రాసి ఉంది. నాకు ఎనిమిదో రోజుకూ, తొమ్మిదో రోజుకూ ఒక్క డాలరు కూడా రాలేదు. అడిగితే మేనేజరు, మీరు నెల జీతగాళ్లు, రోజు కూలీలు కారు కదా అన్నాడు.

అందుకే జెట్ పైలట్లకూ యాజమాన్యాలకూ మధ్య ఒప్పందాల మీద జరిగే గొడవలన్నీ పైకి గంట జీతం గురించి కనిపించినా, మూలంలో ఆ ఎనిమిదో రోజు ఎవరిదన్న తగాదాయే అని నా గట్టి అభిప్రాయం.

వారెన్ బఫెట్ పేరుతో ముడిపడిన బర్క్‌షైర్ హాథవే 1998లో కొన్న ప్రైవేట్ జెట్ సంస్థ నెట్‌జెట్స్‌నే చూడండి. అక్కడి పైలట్లు 2008లో టీమ్‌స్టర్స్ అనే పెద్ద కార్మిక సంఘం నుంచి విడిపోయి సొంత యూనియన్ పెట్టుకున్నారు. 2015 మే నెలలో ఒమాహాలో బర్క్‌షైర్ వాటాదారుల సమావేశం జరుగుతుండగా యూనిఫారాలతో బయట నిలబడి నిరసన తెలిపారు. జూన్‌లో నెట్‌జెట్స్ సీఈఓ మారారు, ఆ ఏడాది చివరికల్లా ఒప్పందం కుదిరింది. నిరసన వల్లే కుదిరిందనడానికి నా దగ్గర రుజువేమీ లేదు కానీ, నమ్మకం మాత్రం ఉంది. తర్వాత 2023లో డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లకు నాలుగేళ్లలో మొత్తం 34 శాతం పెంపు రావడంతో, పెద్ద ఎయిర్‌లైన్లకు వలసపోయేవారిని ఆపుకోవలసిన ఇబ్బంది జెట్ సంస్థలకు వచ్చిపడింది.

యూనియన్ అంటే రైలు కార్మికుల వ్యవహారమని మూతి విరిచే పైలట్లు నాకు చాలామంది తెలుసు. వారికి తెలియని విషయం ఏమిటంటే, మన బేరసారాలు నడిచేది 1926 నాటి అమెరికా రైల్వే కార్మిక చట్టం కిందే. 1936లో దానిని విమానయానానికీ వర్తింపజేశారు. దాని ప్రకారం ఒప్పందానికి గడువు తీరినా పాత షరతులే కొనసాగుతాయి కనుక, యాజమాన్యానికి తొందర ఉండదు. ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు చేతులెత్తేసి, ఆపైన 30 రోజులు గడిస్తే తప్ప సమ్మె చేయడానికి వీల్లేదు. చర్చలు ఏళ్ల తరబడి సాగడానికి పైలట్ల అత్యాశ కారణమని రాసేవారు ఈ చట్టం మొదటి పేజీ కూడా తిప్పి ఉండరు.

నేను ఇప్పుడు యూనియన్ ఉన్న మరొక సంస్థలో పనిచేస్తున్నాను, ప్రతి నెలా జీతంలోంచి చందా కోసుకుంటారు. పోయిన మార్చిలో ఇంకొకసారి ఎనిమిదో రోజు ఇరుక్కున్నాను. ఆ రోజు డబ్బు అడగకుండానే తర్వాతి పే స్లిప్పులో పడింది. ఇంట్లో మాత్రం నాలుగు రోజుల పాటు నాతో సరిగా మాట్లాడలేదు.