వావిలాకు కషాయం తాగితే నెలసరి ముందు చిరాకు తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హన్మకొండలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నెలసరికి వారం ముందు నుంచి రొమ్ములు బరువెక్కి నొప్పి పుడతాయి, కడుపు ఉబ్బుతుంది. బాబు మీద ఊరికే అరిచేసి, తర్వాత నేనే కూర్చుని ఏడుస్తాను. డేట్ వచ్చిన రెండో రోజుకల్లా మామూలైపోతాను. పరకాల దగ్గర ఊళ్లో ఉండే మా అత్తమ్మ వావిలాకు కషాయం తాగమంటున్నారు. మా స్కూల్లో ఒక మేడం ‘వైటెక్స్’ క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది, అవీ వావిలీ ఒకటేనంటోంది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఏది వాడమంటారు?

జవాబు: అసలు విషయం మీరు చివర్లో రాశారమ్మా, రెండో బిడ్డ కోసం చూస్తున్నామని. నెలసరికి ముందు వారం అంటే అండం విడుదలైపోయాక వచ్చే రోజులు. ఆ నెల గర్భం నిలిచి ఉంటే అప్పటికే నిలిచి ఉంటుంది, మీకేమో ఇంకా తెలియదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కషాయాలు, క్యాప్సూల్స్ వేసుకుంటారన్నమాట. అందుకే మీకు ఇప్పుడు ఆ రెండూ వద్దంటాను.

ఇక అవి రెండూ ఒకటేనా అంటే, ఒకటి కాదు. క్యాప్సూల్స్‌లో ఉండేది మధ్యధరా ప్రాంతంలో పెరిగే వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్ పండు సారం. మన చెరువు గట్ల మీద, పొలాల కంచెల వెంట ఉండే వావిలి వైటెక్స్ నెగుండో. అక్కాచెల్లెళ్లలాంటి మొక్కలే, కానీ అక్కకు వచ్చిన మార్కులు చెల్లెలికి వేయలేం కదా. విదేశీ మొక్క మీద మాత్రం పరీక్షలు జరిగాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన జర్మనీ అధ్యయనంలో 170 మంది స్త్రీలు మూడు నెలసరుల పాటు పాల్గొన్నారు. ఆ సారం వాడినవాళ్లలో 52 శాతం మందికి బాధలు సగానికి సగం తగ్గాయి. మందేమీ లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 24 శాతం మందికి అలాగే తగ్గాయి. అంటే మందులో గుణం ఉంది, ‘వేసుకున్నాం’ అన్న ధైర్యంలోనూ కొంత ఉంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను తగ్గించడం ద్వారా ఇది పనిచేస్తుందని భావిస్తున్నారు. హార్మోన్ల జోలికి వెళ్లే మందు కాబట్టే గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

ఇంట్లో కషాయం పెడితే మోతాదు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఒకరోజు గుప్పెడు ఆకు, ఇంకోరోజు రెండు గుప్పెళ్లు. అశోకారిష్టం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అది పులియబెట్టి చేసే మందు, సహజంగానే కొంత ఆల్కహాల్ ఉంటుంది. గర్భం కోసం చూస్తున్నప్పుడు అదీ వద్దు. ఇంకో మాట, స్కూళ్ల ముందు నిటారుగా పెంచే ‘అశోక’ చెట్టు వైద్యంలో వాడే అశోకం కానే కాదు, అది నరమామిడి. దాని బెరడు గీకి మరగబెట్టేవాళ్లను నేను చూశాను! అతిమధురం కూడా ఈ సమస్యకు పనికిరాదు. ఎక్కువగా వాడితే ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ పెరుగుతుంది. మీకున్నదే ఉబ్బరం.

మరి ఏం చేయాలి? ఈ బాధకు నాకు బాగా నచ్చిన మందు వంటింట్లోనే ఉంది, కాల్షియం. రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చి చేసిన 1998 నాటి పెద్ద అధ్యయనంలో మూడో నెలకల్లా చిరాకు, ఉబ్బరం, నొప్పి అన్నీ తగ్గాయి. మాత్రలకన్నా ముందు తిండి చూడండి. తైదల్లో (రాగుల్లో) 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, గ్లాసు పాలలో 300. పొద్దున తైద అంబలిలో మజ్జిగ కలుపుకొని తాగితే స్కూలుకు వెళ్లేలోపే మంచి భాగం అందినట్టే. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది ఏడాదికొక్కసారే ఎందుకు, అప్పుడప్పుడూ చేసుకోండి. నువ్వులు వేడి, గర్భం నిలవదు అంటారు. వంటలో వాడేంత నువ్వులకు ఆ భయం అక్కర్లేదు. తిండితో సరిపోక మాత్ర వేసుకోవాల్సి వస్తే, థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. లేదంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. చాలాకాలంగా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోకపోతే ఇప్పుడు చేయించండి. థైరాయిడ్ సరిగ్గా లేకున్నా చిరాకు, నీరసం ఉంటాయి, పైగా గర్భానికీ అది ముఖ్యం. ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టారో లేదో రాయలేదు. లేకుంటే వెంటనే మొదలుపెట్టండి.

ఆ వారం పచ్చళ్లు, అప్పడాలు, మిక్చర్ తగ్గించండి, టీ రెండు కప్పులకు మించొద్దు. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద అరగంట నడవండి. బాబును కూడా తీసుకెళ్లండి, వాడికీ హాయి. కడుపుబ్బరానికి భోజనం తర్వాత చిటికెడు వాము నమిలితే చాలు, డేట్ వచ్చాక కడుపునొప్పి ఉంటే అల్లం టీ కొంత పనిచేస్తుంది.

ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. గోడ మీది క్యాలెండర్‌లో రెండు నెలలు రోజూ రాయండి, చిరాకుకు ‘చి’, ఏడుపుకు ‘ఏ’, నొప్పికి ‘నొ’. నెలసరికి ముందు మాత్రమే అక్షరాలు గుంపుగా కనిపించి, తర్వాత ఖాళీగా ఉంటే అది నెలసరి ముందు వచ్చే సమస్యే (పీఎంఎస్). నెలంతా ఉంటే అది వేరే సమస్య, దానికి చికిత్సా వేరు. ఆ కాగితం పట్టుకొని వరంగల్‌లోని సీకేఎం ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఓపీకి గానీ, మీకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గరికి గానీ వెళ్లండి. ఏడుపుతో బడికి వెళ్లలేకపోతుంటే దానికి మంచి మందులున్నాయి. ‘బతకాలని లేదు’ అనిపిస్తే మాత్రం రెండు నెలలు ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అత్తమ్మ కోసుకొచ్చిన వావిలాకు పారేయొద్దు. బాలింతలకు పోసినట్టే నీళ్లలో మరిగించి స్నానానికి వాడుకోండి. నడుముకు హాయిగా ఉంటుంది, ఆమెకూ చిన్నబోయినట్టు ఉండదు.