క్రియాటినిన్ పెరిగిందని మాత్రలు ఆపేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నీకు 1.4 వచ్చిందట, ల్యాబ్ కాగితం మీద ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత అంకె, 52 అని ఉందట, అది చూసి నువ్వు, మనసు ఉద్రేకానికీ దిగులుకీ మధ్య ఊగిపోకుండా వేసుకునే లిథియం మాత్రల డబ్బా తీసుకెళ్లి బీరువా పైన పడేశావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. ఇది పూర్తిగా చదవకపోయినా సరే, ముందు నీ మానసిక డాక్టర్‌కు ఫోన్ చేసి "రెండు రోజులుగా మాత్ర వేసుకోలేదు, కిడ్నీ రిపోర్టు ఇట్లా వచ్చింది, ఏం చేయమంటారు" అని అడుగు. ఆయన ఆపమంటే ఆపు, తగ్గించమంటే తగ్గించు. నీ అంతట నువ్వు మాత్రం నిర్ణయం తీసుకోకు.

నేను 1999 నుంచి లిథియం మీద ఉన్నా. నీకు తెలియనిది ఏమిటంటే, ఇందులో చేయగలిగిన పెద్ద తప్పులు రెండూ నేను చేశాను.

మొదటిది 2011 మే నెలలో. మా మర్రిగూడ వైపు ఎండలు ఎట్లా ఉంటాయో చూశావు కదా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు మాది, మోకాళ్లు, నడుము నొప్పి లేని ఇల్లు లేదు. నొప్పి భరించలేక ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుని, వారానికి సరిపడా అవే మాత్రలు తెచ్చుకున్నా. లిథియం వాడుతున్నావా అని ఆయన అడగలేదు, పిచ్చిమందులు అంటారేమోనన్న సిగ్గుతో నేనూ చెప్పలేదు. పైగా రెండు రోజులు వాంతులు, విరేచనాలు. నాలుగో రోజుకు గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోయేంత వణుకు, మాట ముద్దముద్దగా వచ్చేది, నడిస్తే తూలిపోయేదాన్ని. గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు. మీ పెద్దనాన్న మొండికేసి హైదరాబాద్ తీసుకుపోతే రక్తంలో లిథియం 2.3 ఉందన్నారు. అది మామూలుగా 0.6 నుంచి 0.8 మధ్య ఉండాలి, ఎక్కువ ఉంచాలనుకున్నా చాలావరకు 1.0 దాటనివ్వరు. 1.5 పైకి పోతే మందే విషమవుతుంది.

ఎందుకు అట్లా అయిందో ఆ రోజు ఒక చిన్న డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది, అది నువ్వు కూడా అర్థం చేసుకోవాలి. లిథియం ఒంట్లోంచి బయటికి పోయే దారి దాదాపు కిడ్నీ ఒక్కటే. కిడ్నీ దాన్ని ఉప్పు లాగే చూస్తుంది. చెమట పట్టి, వాంతులై ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గినప్పుడు కిడ్నీ ఉప్పును బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటే లిథియాన్నీ లాక్కుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా కిడ్నీ దాన్ని బయటికి పంపడాన్ని తగ్గిస్తాయి. వేసుకునే మాత్రలు అవే, ఒంట్లో నిలిచిపోయే మందు మాత్రం పెరుగుతూ పోతుంది.

రెండో తప్పు దీనికంటే పెద్దది. ఆ భయంతో ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పకుండా లిథియం మొత్తం మానేశా. మొదటి నెల బాగానే ఉంది, ఇన్నేళ్లు అనవసరంగా తిన్నానే అనుకున్నా. మూడో నెలకు నిద్ర పోయింది, రాత్రి రెండు గంటలకు లేచి ఇల్లంతా కడిగేదాన్ని, మీ పెద్దనాన్నకు తెలియకుండా పుస్తెలతాడు తాకట్టు పెట్టి బత్తాయి తోట కౌలుకు తీసుకున్నా. ఆ తర్వాత పడిపోయిన దిగులు గురించి రాయను. ఆ రోజుల్లో బతకాలనిపించలేదు, అంతే. లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చే ప్రమాదం పెరుగుతాయని తర్వాత తెలిసింది. ఆపాల్సి వచ్చినా వారాల తరబడి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. నీకు అట్లాంటి ఆలోచన రవ్వంత వచ్చినా నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తకపోతే 14416కు చెయ్యి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

ఇక నీ రిపోర్టు. ఒక్కసారి 52 వచ్చినంత మాత్రాన కిడ్నీ పోయినట్టు కాదు. 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా అట్లాగే ఉంటేనే దాన్ని దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. నువ్వు పోయిన నెల జ్వరం, వాంతులతో పడుకున్నావు, నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగి ఏవో మాత్రలు వేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. అవే కారణం కావచ్చు. ఆ నొప్పి మాత్రలు ఇవాళే ఆపు, నొప్పి ఉంటే పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో అడిగి వేసుకో. క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చేయించాలో డాక్టర్‌నే అడుగు, మూత్రంలో ప్రోటీన్ పోతుందా కూడా చూడమను. రక్తంలో లిథియం ఎంత ఉందో చూసే పరీక్షకు రాత్రి మాత్రకూ రక్తం ఇవ్వడానికీ మధ్య 12 గంటలు ఉండాలి, పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ల్యాబ్ వాళ్లకు అది లిథియం పరీక్ష అని ముందే చెప్పు, రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉన్న గొట్టంలో తీస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. లిథియం, కిడ్నీ, థైరాయిడ్, క్యాల్షియం పరీక్షలు ఆరు నెలలకోసారైనా చేయించుకోవాలి. నువ్వు ఏడాదిన్నరగా చేయించుకోలేదట. ఆ మాటకు నిజంగా కోపమొచ్చింది.

నేను నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇది: మన కష్టాల్లో సగం, ఒక డాక్టర్ రాసిన చీటీ ఇంకో డాక్టర్ చూడకపోవడం వల్ల వచ్చేవే. బీపీ ఉందనో మూత్రంలో ప్రోటీన్ పోతుందనో కిడ్నీ డాక్టర్ టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి రాస్తారు, అవి కిడ్నీకి మంచివే, కానీ లిథియాన్ని పెంచుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్ అనే మూత్రం మాత్ర కూడా అంతే. ఉప్పు తగ్గించమంటారు, నువ్వు ఒకేసారి చప్పిడి కూడుకు మారితే లిథియం పెరుగుతుంది. ఎవరి మాటా తప్పు కాదు, కానీ రెండు మాటలూ ఒకచోట కలవాలి కదా. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొను, నీ మాత్రలన్నీ, ప్రతి రిపోర్టు అంకె తేదీతో రాసి పెట్టు, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు అదే తెరిచి చూపించు. పంటి డాక్టర్‌కు కూడా, ఎందుకంటే నొప్పి మాత్రలు ఆయనా రాస్తాడు. సిగ్గుపడకు. నా సిగ్గు నాకు ఎంత ఖర్చయిందో పైన చదివావు కదా.

నీళ్లు తగ్గించకు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నానని నీళ్లు మానేశావట, అది చాలా ప్రమాదం. లిథియం వల్ల కొందరికి కిడ్నీ నీళ్లను పట్టి ఉంచలేదు, అందుకే మూత్రం ఎక్కువ, దాహం ఎక్కువ. దాహమైనంత తాగాలి, డాక్టర్‌కు చెప్పాలి. దానికి మందు ఉంది, మాత్రలన్నీ రాత్రి ఒకేసారి వేసుకునేలా మార్చడం కూడా ఉంది. నాకు అట్లాగే మార్చారు, మోతాదు తగ్గించి రక్తంలో లిథియం 0.5, 0.6 దగ్గర ఉంచారు, 2012లో 41 ఉన్న నా ఈజీఎఫ్ఆర్ ఇప్పుడు 37. అందరికీ ఇట్లాగే అవుతుందని చెప్పను, కొందరికి మందు మార్చాల్సి వస్తుంది. నీకు మార్చాలంటే వాల్‌ప్రోయేట్ పేరు వస్తుందేమో, పిల్లల్ని కనాలనుకుంటున్నావని ముందే గట్టిగా చెప్పు, కడుపులో బిడ్డకు అది చాలా హాని చేస్తుంది.

ఎండాకాలం చేనికి, కూలికి పోయినా, శివరాత్రికి ఒక్కపొద్దు ఉన్నా నీళ్లు మాత్రం మానకు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు మాత్ర వేసుకోవాలా ఆపాలా అని ఇప్పుడే డాక్టర్‌ను అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో, అప్పుడు అడిగే ఓపిక ఉండదు. కల్లు జోలికి పోకు, మన పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలుపుతారని అందరికీ తెలిసిందే. కిడ్నీకి పసరు, భస్మం అని ఎవరైనా తెస్తే ఇంట్లోకి రానివ్వకు, కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి, అవే కిడ్నీని తింటాయి. "మందులు తిని తిని కిడ్నీలు పాడైనయి" అని మీ అత్త అంటే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా.

మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. కిడ్నీకి నిమ్స్ అయినా ఉస్మానియా అయినా సరే, రిపోర్టులన్నీ ఫోటో తీసి రేపు పొద్దున నాకు పంపు. నేను బుధవారం దేవరకొండలో బస్సెక్కుతా, మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటా. బీరువా పైన పడేసిన డబ్బా పారేయకు, అందులో ఎన్ని మాత్రలు మిగిలాయో నేనే లెక్కపెడతా.

మీ పెద్దమ్మ