ర్యాపిడ్ రాణి ర్యాపిడ్‌లోనే ఎలా ఓడింది?

ప్రశ్న: మేడమ్, 2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్‌ను మా పాప ఇప్పటికి మూడుసార్లు చూసింది. కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేములూ డ్రా. తర్వాత తక్కువ టైములో ఆడే ర్యాపిడ్‌లో హంపి ఓడింది. అప్పటికి ర్యాపిడ్‌లో ప్రపంచ చాంపియన్ కదా, అందులోనే ఎలా ఓడింది నాన్నా అని ప్రాణం తోడేస్తోంది. వయసే కారణమా?
- ఒక తండ్రి, చంద్రగిరి

జవాబు: అప్పటికి హంపికి 38, దివ్యకు 19. ఆ అంకెలు చూసి అందరూ వయసు మీదికి నెట్టేశారు. నేనొప్పుకోను. అంతకు ఏడు నెలల ముందు, 2024 డిసెంబరులో, న్యూయార్క్‌లో ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ గెలిచింది ఈ హంపే. 2019లోనూ గెలిచింది.

అసలు సంగతి గడియారం. క్లాసికల్‌లో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 90 నిమిషాలు. సమమైతే విజేతను తేల్చే ర్యాపిడ్ టైబ్రేక్‌లో 15 నిమిషాలే, ఎత్తు వేసిన ప్రతిసారీ 10 సెకన్లు కలుస్తాయి. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా. రెండోదాంట్లో హంపివి తెల్లపావులు. టైము తరిగిపోయాక తప్పులు దొర్లాయి, నల్లపావులతో దివ్య గెలిచింది. ఆ కప్పుతోనే గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది.

పది సెకన్లంటే ఏమిటో మా కాలం వాళ్లనడగండి. అప్పుడు ముళ్ల గడియారాలు, కలిసే సెకన్లు లేవు. పెద్ద ముల్లు పన్నెండు దాటితే చిన్న ఎర్రజెండా టప్పున పడేది, టైము అయిపోయినట్టే. చిత్తూరులో ఒకసారి ఏనుగు ఎక్కువుండి కూడా జెండా పడి ఓడిపోయాను. తిరుగు రైల్లో పాకాల వచ్చేదాకా నాన్నతో మాట్లాడలేదు. ఆయన కొనిచ్చిన చెనక్కాయల పొట్లం విప్పనే లేదు!

ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ఆడే పిల్లలదీ అదే తంతు. ఐదో ఎత్తుకే నాలుగు నిమిషాలు కూర్చుంటారు. చివర్లో కంగారుపడి ఒక చేత్తో పావు కదిపి, రెండో చేత్తో గడియారం నొక్కుతారు. అది రూలుకు విరుద్ధం, ఏ చేత్తో కదిపితే ఆ చేత్తోనే నొక్కాలి.

మీ పాప నాలుగోసారి ఎలాగూ చూస్తుంది. ఈసారి బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టి, గడియారాలు మాత్రమే చూడమనండి. ప్రతి పది ఎత్తులకూ ఎవరికెంత మిగిలిందో కాగితం మీద రాయించి నాకు పంపండి.