మాగ్‌పై మైన్ చుట్టు నడక: పాత సీసపు గనిని చూసి, దాని నీళ్ల వెంట తిరిగి రావడం

మీరు అడిగింది: ఇంగ్లండ్‌లో పాత గనులు చూస్తూ, ఒక్క రోజులో బయల్దేరిన చోటికే తిరిగొచ్చే నడక ఏదైనా ఉందా, ఎనిమిదేళ్ల పాపను తీసుకెళ్లొచ్చా అని.

ఉంది. డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్‌లో. ఆష్‌ఫర్డ్ ఇన్ ద వాటర్ అనే ఊళ్లో మొదలుపెట్టి, షెల్డన్ మీదుగా మాగ్‌పై మైన్ అనే సీసపు గనికి ఎక్కి, డీప్ డేల్ లోయలోకి దిగి, వై నది పక్కనుంచి వెనక్కి రావాలి. సుమారు 10 కిలోమీటర్లు. నేను మా అబ్బాయితో రెండుసార్లు నడిచాను. మొదటిసారి తిరగేసి నడిచి సగం పోగొట్టుకున్నాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ మొదటిసారి నది వైపు నుంచి వెళ్లాం. గ్రేట్ షాక్లో వుడ్ అనే అడవి దగ్గర కొండ పక్కన ఒక రాతి తూములోంచి నీళ్లు వచ్చి నదిలో కలుస్తున్నాయి. ఏదో ఊట అనుకుని ఆగకుండా వెళ్లిపోయాం. మధ్యాహ్నం గని దగ్గరికి చేరాక అక్కడి బోర్డు చదివితే తెలిసింది, పొద్దున దాటొచ్చినది ఆ గని నీళ్లేనని! అప్పటికి వెనక్కి వెళ్లే ఓపిక లేదు.

అందుకని ముందు షెల్డన్‌కే ఎక్కండి. ఒకటే వీధి ఉన్న చిన్న ఊరు. ఊరు దాటాక పొలాల మధ్య మట్టి, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు. వాటిలో మనిషి పక్కకు తిరిగి దూరేంత సందులు ఉంటాయి, బ్యాగ్ తీసి చేత్తో పట్టుకుంటే సులువు. దూరం నుంచే చిమ్నీలు కనిపిస్తాయి కాబట్టి దారి తప్పుతామన్న టెన్షన్ ఉండదు, మంచు పట్టిన రోజు తప్ప.

గని దగ్గర కనీసం గంట ఉండండి. పైకప్పు పోయి గోడలు మిగిలిన ఆ పెద్ద కట్టడం 1869 నాటి ఇంజన్ హౌస్. ఆవిరి యంత్రంతో లోపలి నీళ్లు తోడడానికి కట్టారు. ఇక్కడ అన్నిటికంటే పెద్ద శత్రువు నీళ్లే. లోతుకి పోయేకొద్దీ సున్నపురాతి పగుళ్లలోంచి ఊరుతూనే ఉండేవి, షాఫ్ట్ (గనిలోకి నిలువుగా దిగే బావి) 200 మీటర్లకు పైగా లోతు మరి. 1833లో ఇంకో ఘోరం జరిగింది. పక్కనే రెడ్ సాయిల్ గని వాళ్లతో ఖనిజం ఎవరిదన్న గొడవ ముదిరి, భూమి లోపల ఒకరినొకరు పొగబెట్టుకున్నారు. రెడ్ సాయిల్ వైపు ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. మాగ్‌పై వాళ్లపై హత్య కేసు నడిచింది, చివరికి నిర్దోషులన్నారు. చనిపోయినవాళ్ల భార్యలు ఈ గనిని శపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముగ్గురి సంగతి తెలిశాక ఆ గడ్డి మీద మామూలుగా నడవలేకపోయాను.

చుట్టూ ఎగుడుదిగుడుగా ఉన్న గుట్టలన్నీ తవ్విపోసిన రాయే. మా వాడు అక్కడ బూడిదరంగులో మెరిసే చిన్న రాయి ఒకటి తీసి, "అమ్మా, ఇంత చిన్నది ఇంత బరువేంటి?" అన్నాడు. గెలీనా, అంటే సీసపు ఖనిజం. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. ఉన్నచోటే పెట్టించి, చేతులు కడిగించాకే తిండి పెట్టాను. మీరూ ఇది మరచిపోవద్దు: ఆ మట్టిలో సీసం ఉంది, పిల్లల చేతులు నోట్లోకి పోకూడదు. చట్టం కాపాడుతున్న చోటు కాబట్టి రాళ్లు తీసుకుపోకూడదు కూడా. గుంటలున్న వైపు, కంచె వేసిన వైపు అసలు వెళ్లనివ్వకండి. వేసవిలో వెళ్తే ఆ గుట్టల మీద వంగి చూడండి. మామూలు గడ్డి కూడా సరిగ్గా మొలవని చోట అయిదు రేకుల తెల్లటి బుల్లి పూలు గుత్తులుగా ఉంటాయి. సీసాన్ని తట్టుకునే మొక్క, ఇక్కడివాళ్లు లెడ్‌వర్ట్ అంటారు.

డీప్ డేల్ దిగుడులో తడిసిన సున్నపురాయి సబ్బులా జారుతుంది. పట్టున్న బూట్లు తప్పనిసరి. ఆ తర్వాత అడవి దారి, వేళ్లు, రాళ్లు, కాస్త నిదానం.

అడవి చివర నది దగ్గరికి దిగాక ఆ తూము వస్తుంది. పేరు మాగ్‌పై సఫ్. గని నీళ్లు వాటంతటవే పారి నదిలోకి పోయేలా కొండలో తవ్విన సొరంగం. 1873లో మొదలుపెడితే 1881కి గాని పూర్తి కాలేదు, పొడవు రెండు కిలోమీటర్లు ఉంటుంది. తర్వాతెప్పుడో లోపల కూలి పూడుకుపోయి, వెనక నీళ్లు పేరుకుని 1966లో ఒక్కసారిగా కొండ పక్కను బద్దలుకొట్టుకుని బయటికొచ్చాయి. రెండోసారి మా వాడు ఆ నీళ్లలో చెయ్యి పెట్టి, "పొద్దున మనం నిలబడ్డ చోటు కిందనుంచే వస్తున్నాయా?" అని అడిగాడు. అవునన్నాను. చాలాసేపు కదల్లేదు.

పాప సంగతి: పొలాల్లో, అడవిలో రోజూ నడిచే అలవాటుంటే పూర్తి చుట్టు నడుస్తుంది. లేకపోతే గని చూసి షెల్డన్ మీదుగా వెనక్కి దిగండి. సఫ్‌ను ఇంకో రోజు ఆష్‌ఫర్డ్ నుంచి నది పక్కనే నడిచి చూడొచ్చు, ఆ ముక్క దాదాపు చదునే.