కట్నమిచ్చి పంపేశాం, ఇంట్లో నీకు చోటు లేదంటున్నారు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాయన తన సంపాదనతో నలభై అంకణాల (దాదాపు 160 గజాల) స్థలం కొని ఇల్లు కట్టినాడు. వీలునామా రాయకుండానే 2019లో పోయినాడు. ఇప్పుడు అమ్మ, ఇద్దరన్నలు, నేను ఉన్నాం. భర్త నుంచి విడిపోయి రెండేళ్లుగా పాపతో మిద్దెమీది గదిలో ఉంటున్నాను. కింది పోర్షన్ల బాడుగ పెద్దన్నే తీసుకుంటాడు. 'నీకు కట్నమిచ్చి పంపినాం, సంతకం పెట్టి వేరే ఇల్లు చూసుకో' అంటున్నారు. ఎక్కడికి పోవాలి?

జవాబు: ఎక్కడికీ పోవద్దమ్మా. సంతకం అసలే వద్దు.

నాయన స్వార్జితం, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, మీ ముగ్గురికీ సమాన వాటాలు. అంటే ఇంట్లో నాలుగో వంతు మీది. పెళ్లయినందుకో, కట్నం ఇచ్చినందుకో అది తగ్గదు. పెద్దవాళ్లు 'పెళ్లికాని కూతురికే హక్కు' అనడానికి కారణం ఉంది. 1985 నుంచి అమలైన మన రాష్ట్ర సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు మాత్రమే వర్తించింది, అదీ తాతల నుంచి వచ్చిన పిత్రార్జితంలో. ఇంకో పాత నిబంధన ఉండేది: మగ వారసులు పంచుకునేదాకా కూతురు ఇంటి పంపకం అడగరాదు, పెళ్లికానిదో, భర్తకు దూరమైనదో, వితంతువో అయితే ఉండనివ్వాలి. 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ నిబంధనే లేదు. ఇప్పుడు మీరు ఆ ఇంట్లో ఉంటున్నది అన్నల దయ వల్ల కాదు, వాళ్లతోపాటు మీరూ యజమాని కాబట్టి.

గది వదలవద్దని నొక్కి చెప్పడానికి డబ్బు లెక్క కూడా ఒక కారణం. ఉమ్మడి స్వాధీనంలో ఉండి పంపకం దావా వేస్తే కోర్టు ఫీజు కొద్ది మొత్తమే. స్వాధీనం పోయాక వేస్తే మీ వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. కొర్లగుంటలో స్థలం ధరలు మీకు తెలిసినవే. అందుకని ఆధార్, గ్యాస్, పాప బడి రికార్డుల్లో ఈ చిరునామానే ఉంచండి. బలవంతంగా ఖాళీ చేయించి తాళం వేస్తే ఆరు నెలల్లోపు దావా వేయండి. హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి అడగొచ్చు. గృహహింస చట్టం భర్త మీదికే అనుకుంటారు గానీ, ఒకే ఇంట్లో ఉంటున్న అన్న గెంటేయబోతే చెల్లెలు కూడా మేజిస్ట్రేటు దగ్గర నివాస ఉత్తర్వు కోరవచ్చు.

ఇక సంతకం సంగతి. వాళ్లు అడుగుతున్నది హక్కు విడుదల పత్రం, అంటే మీ వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం, అయుంటుంది. రిజిస్టరయితే దాన్ని రద్దు చేయించడానికి మోసమో బలవంతమో రుజువు చేయాలి, దానికి ఏళ్లు పడుతుంది. 'బ్యాంకు లోనుకు' అనో, 'కరెంటు మీటరు పేరు మార్పుకు' అనో చెప్పి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పిలుచుకుపోతే, కాగితం మొత్తం చదవకుండా వేలిముద్ర వేయకండి. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం ఎంత ఒత్తిడి వచ్చినా పెట్టకండి.

ఈలోగా మూడు కాగితాలు సంపాదించండి: నాయన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, స్థలం కొన్ననాటి నుంచి ఇప్పటిదాకా ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా). మీకు తెలియకుండా ఏదైనా రిజిస్టరయి ఉంటే ఈసీలో బయటపడుతుంది. బాడుగలో మీ వంతుకు లెక్క చెప్పమని అన్నకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, రసీదు దాచుకోండి. పై అంతస్తుకు తన డబ్బు పెట్టానని ఆయనంటే, అది పంపకంలో సర్దుబాటుకు వచ్చే విషయం. దాంతో మీ వాటా పోదు.

కోర్టుకు ముందు రాజీకి ప్రయత్నించడం మంచిది. అంత కొద్ది స్థలాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. దావాలోనూ చివరికి ఒకరు మిగతావారి వాటాలు కొనుక్కోవడమో, ఇల్లు అమ్మి డబ్బు పంచుకోవడమో అవుతుంది. మిద్దె పోర్షన్ మీ పేర రాయించుకోవడమో, మార్కెట్ ధరకు వాటా డబ్బు తీసుకోవడమో మీరు ముందే తేల్చుకోండి. డబ్బయితే అది చేతికందాకే సంతకం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది.

అమ్మతో మాత్రం ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. ఆమె వాటా ఆమె ఇష్టం. అన్నకే గిఫ్టుగా రాయదలిస్తే, 'బతికినంతకాలం నన్ను ఈ ఇంట్లో ఉంచి పోషించాలి' అన్న షరతు పత్రంలోనే రాయించమనండి. ఆ వాక్యం ఉంటే, రేపు చూడకపోయినప్పుడు ఆర్డీఓ దగ్గరి వృద్ధుల ట్రిబ్యునల్‌లో గిఫ్టు రద్దు చేయమని ఆమె అడగగలదు.