పన్నీరు, గులాబి, ఒక చేప

సందేహం: మాల్దీవుల సముద్రంలోని ఒక చేప శాస్త్రనామంలో ‘ఫినిఫెన్మా’ అనే మాట ఉందనీ, దానికి గులాబి అని అర్థమనీ చదివాను. అదే వార్తలో ‘లోతట్టు పగడపు దిబ్బల్లో మెరిసే గులాబీ చేప’ అని రాశారు. గులాబి, గులాబీలలో ఏది ఒప్పు? ‘లోతట్టు’ సరేనా?

సమాధానం: దీర్ఘం సంగతి తరవాత. ముందు ఆ ఫినిఫెన్మాను చూడండి. మాల్దీవుల వారి ధివేహి భాషలో ఫిని అంటే చల్లన, ఫెన్ అంటే నీరు, మా అంటే పువ్వు. ఫెన్ మన పానీయానికి చుట్టమే; ఆ భాషలో పాత పకారం ఫకారమైంది. మలయాళీలకూ గులాబి పనినీర్‌పూవే. అక్కడ పని అంటే మంచు, చలువ. మన పన్నీరు ఆ పనినీరే! తెలుగులో విడిగా ‘పని’ అంటే చాకిరీయే కనుక, పెళ్లిలో పన్నీరు చిలకరించేవారికి అందులోని చలువ తోచదు. పారసీకుల దారీ అదే: గుల్ పువ్వు, ఆబ్ నీరు. గులాబ్ అంటే మొదట పన్నీరు. ఇన్ని భాషలు పువ్వుకు దాని నీటి పేరే పెట్టుకున్నాయి. మనవాళ్లేమో పాలవిరుగుడు ముక్కల కూరకు ‘పన్నీరు కూర’ అని బోర్డు రాస్తున్నారు. అది పనీర్, నాయనలారా! అత్తరు వాసన రాదు.

గులాబ్‌కు చివర ఈకారం చేరితే పారసీకంలో ఆ పువ్వు రంగు గలదని అర్థం. మనం దాన్నే పువ్వుకిచ్చాం. మాట చివర దీర్ఘం తెలుగుకు సహజం కాదు కనుక నేను గులాబి అనే రాస్తాను. అయితే బహువచనంలో గులాబీలు అనకుండా ఉండలేను; గులాబీ అన్నవారిని తప్పుపట్టనూ లేను.

‘లోతట్టు’ను మాత్రం ఒప్పుకోవడం కష్టం. తట్టు అంటే వైపు. వరదకు మునిగే పల్లపు వాడలు లోతట్టు ప్రాంతాలు. 2022లో కొత్త జాతిగా ప్రకటించిన ఈ చేప 40 నుంచి 70 మీటర్ల లోతున ఉంటుంది. అది ఉండేచోటు ఎప్పుడూ నీటి అడుగునే. ‘లోతు దిబ్బలు’ అంటే చాలు. ఇక ‘మెరిసే’ అన్న ముచ్చట. ఎరుపు కిరణాలను పైనీళ్లే మింగేస్తాయి. దీపం పట్టుకుని దిగితే తప్ప అక్కడ మన కంటికి ఆ ఊదా, గులాబి వన్నెలు ఆననే ఆనవు.

తెలుగు పేరు కావాలంటే ‘పన్నీటిపువ్వు చేప’ అనాలని నాకు ఆశ. హోటలు వాళ్లు ఊరుకుంటారా అన్నదే అనుమానం. అందాకా ఫినిఫెన్మా అనే రాయండి.